అతిత్లాన్ ఒడ్డున ఎవరి ఖర్చుతో బతుకుతున్నాం?

గ్వాటెమాలాలో అతిత్లాన్ సరస్సు ఒడ్డున కాపురం ఉంటున్నానని తెలియగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నెలకు ఎంతవుతుంది? హైదరాబాదు నుంచి అడిగేవారిదీ, డాలస్ నుంచి అడిగేవారిదీ అదే ప్రశ్న. అద్దె, కూరగాయలు, ఇంటర్నెట్, లాంచీ ఛార్జీలు కలిపి ఒక అంకె చెబితే ఆశ్చర్యపోతారు. కొందరు తామూ వచ్చేస్తామంటారు. ఆ అంకె అబద్ధం కాదు, కానీ అది సగం లెక్క మాత్రమే. డాలరుకు ఇక్కడి కరెన్సీలో ఏడు కెత్సాల్‌లకు పైగా వచ్చే చోట డాలర్ల జీతంతో బతికేవారికి ఖర్చు తక్కువగానే కనిపిస్తుంది. అయితే మా ఖర్చులో పెద్ద భాగం మా బిల్లుల్లో పడనే పడదు. మేము వాడిన నీటికి, వదిలిన మురుగుకు, కొనుక్కున్న ఒడ్డుకు, పెంచేసిన అద్దెలకు మూల్యం చెల్లిస్తున్నవి ఇక్కడి మాయా ప్రజలైన త్సుతుహీల్, కక్చికెల్ కుటుంబాలు. పాస్‌పోర్టు మీది ముద్ర ప్రకారం మేము సందర్శకులం, బతుకు ప్రకారం ఈ ఊరి కాపురస్థులం. కాపురస్థులకు ఉండే బాధ్యతలన్నీ మాకూ ఉన్నాయని, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా వాటిని మేమే నెత్తికెత్తుకోవాలని నా వాదన.

ముద్ర సంగతి కాస్త వివరించాలి. గ్వాటెమాలా, ఎల్ సాల్వడోర్, హోండురాస్, నికరాగ్వా నాలుగు దేశాలకూ కలిపి పర్యాటకులకు ఇచ్చే గడువు 90 రోజులు. ఇక్కడి విదేశీయుల్లో చాలామంది ఆ గడువు దగ్గరపడగానే మెక్సికో సరిహద్దు దాటి తిరిగి వచ్చో, రాజధానికి వెళ్లి పొడిగింపు తెచ్చుకునో ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంటారు. నివాస అనుమతికి కాగితాలు, రుసుములు, ఆదాయపు రుజువులు కావాలి కనుక ఆ దారిన వెళ్లేవారు తక్కువ. అందువల్ల ఏళ్లుగా ఇక్కడే ఇల్లు తీసుకుని ఉంటున్న మనిషి కూడా ఊరి లెక్కల్లో వచ్చిపోయే పర్యాటకుడిగానే మిగిలిపోతాడు. అలాంటివారు తప్పించుకోలేని పన్ను కొన్న సరుకు మీద పడే 12 శాతం ఒక్కటే. అది వీధి మలుపులో టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు అమ్ముకునే ఆమె కూడా కడుతుంది.

ఇక సరస్సు. మిగతా వాదనంతా దాని స్వభావం మీదే ఆధారపడి ఉంది. దాదాపు 80 వేల ఏళ్ల కిందటి అగ్నిపర్వత మహావిస్ఫోటనంలో నేల కుంగి ఏర్పడిన గుంటలో నిలిచిన నీరు ఇది. సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తున, 130 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. లోతు 300 మీటర్లు దాటుతుంది. దక్షిణం వైపు అతిత్లాన్, తొలిమాన్, సాన్ పెద్రో అనే మూడు అగ్నిపర్వతాలున్నాయి; మూడూ 3,000 మీటర్లకు మించినవే. ఉత్తరాన కొండల మీది నుంచి కిస్కాబ్, సాన్ ఫ్రాన్సిస్కో నదులు దిగి వచ్చి ఇందులో కలుస్తాయి. వచ్చి కలిసే నదులే గానీ, దీనిలోంచి బయటికి పోయే నది ఒక్కటి కూడా లేదు. నీరు అడుగున ఇంకాలి, లేదా ఎండకు ఆవిరి కావాలి. మన కొల్లేరుకు సముద్రందాకా ఉప్పుటేరు ఉంది. అతిత్లాన్‌కు అటువంటి దారి ఏదీ లేదు. కొండవాలు పొలంలో చల్లిన ఎరువైనా, మా స్నానాల గదిలోంచి పోయిన సబ్బు నీళ్లైనా చివరికి చేరేది ఇందులోకే, చేరాక ఉండిపోయేదీ ఇందులోనే.

నేనుండేది సాన్ పెద్రో లా లగూనా అనే ఊళ్లో. ఇక్కడ రోజు పెందలాడే మొదలవుతుంది. సున్నపు నీళ్లలో ఉడికించి రాత్రంతా నానబెట్టిన మొక్కజొన్నను ఆడవాళ్లు బకెట్లలో మర దగ్గరికి తెచ్చి, ముద్దగా పట్టించుకుని వెళతారు. కాసేపటికి ఇంటింటా అరచేతుల మధ్య టోర్టియాలు తట్టే చప్పుడు వినిపిస్తుంది. సంతలో తెలుగు కళ్లు గుర్తుపట్టే వస్తువులు చాలానే ఉన్నాయి. మనం బెంగళూరు వంకాయ అనే కాయను ఇక్కడివాళ్లు విస్కిల్ అంటారు. దాని పుట్టిల్లు ఈ ప్రాంతమే. అన్నం హోటళ్లలో గాజు జాడీల్లో పెట్టే ఎర్రని పానీయాన్ని మన ఎర్ర గోంగూర జాతి మొక్క కాయ చుట్టూ ఉండే దళసరి రేకులతోనే కాస్తారు. ఆకు తినవచ్చునని చెబితే సంతలో ఆమె నన్ను జాలిగా చూసింది. ఏలకులను ప్రపంచంలో అత్యధికంగా ఎగుమతి చేసే దేశం ఇదే అయినా, ఇక్కడి వంటింట్లో ఏలకుల వాసన తగలదు. పంటలో చాలా భాగం అరబ్బు దేశాలకు వెళ్లిపోతుంది. ఊరి వాలు వీధుల్లో ఎక్కే దిగే ఎర్ర ఆటోల్లో చాలావరకు మన బజాజ్ బండ్లే. మధ్యాహ్నం దాటాక షొకొమిల్ అనే గాలి లేస్తుంది, సరస్సు మీద అలలు పెరుగుతాయి. అందుకే ఊరివాళ్లు అవతలి ఒడ్డు పనులన్నీ పొద్దున్నే ముగించుకుంటారు.

పొద్దుటి లాంచీలో అవతలి ఒడ్డున ఉన్న పనహచేల్ ఊరికి వెళుతుంటే నా చూపు తరచుగా ఎదుటి బల్ల మీద కూర్చున్న స్త్రీల కోర్తె మీద నిలుస్తుంది. కోర్తె అంటే నడుముకు చుట్టుకునే నేత గుడ్డ. దానిపై నీలం, తెలుపు గుర్తుల అంచులు గీత గీసినట్టు కచ్చితంగా ఉండవు. రంగు పక్క దారంలోకి ఒక వెంట్రుకవాసి జరిగి ఉంటుంది. పోచంపల్లి చీరనో, పుట్టపాక తేలియా రుమాలునో దగ్గరగా చూసినవారికి ఆ చెదురు ఎందుకు వస్తుందో వెంటనే తెలుస్తుంది. దారాన్ని నేయకముందే కొలిచి, చిలపలుగా ముడులు వేసి, రంగులో ముంచి, ముడులు విప్పి, ఆ తర్వాత మగ్గానికి ఎక్కించే పని ఇది. ఇక్కడ దీన్ని హాస్పె అంటారు; కెత్సాల్తెనాంగో వైపు ఉన్న సల్కహా ఊరు దీనికి పేరు పొందింది. ఇంత పని జరిగిన గుడ్డను పనహచేల్ సాంతాండేర్ వీధిలో చేత్తో పట్టుకుని, సగం ధరకు ఇస్తావా లేదా అని విదేశీయులు గంటసేపు బేరమాడుతుంటే నేను పక్కన నిలబడి చూడలేను. ముడి కట్టే వేళ్ల కష్టమేమిటో తెలిసిన ప్రాంతం నుంచి వచ్చిన తెలుగువారైనా ఆ పని చేయకూడదు. అడిగిన ధర ఇవ్వగలిగితే ఇవ్వాలి, లేకపోతే కొనకూడదు.

లాంచీ ఛార్జీ గురించి విదేశీయులు చేసే ఫిర్యాదు కూడా ఈ కోవలోదే. ఊరివాళ్ల దగ్గర ఒక ఛార్జీ, మా దగ్గర అంతకు మించిన ఛార్జీ తీసుకుంటారు. ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాం, మాకూ ఊరివాళ్ల ఛార్జీయే వర్తించాలని కొందరు రేవులో పడవవాళ్లతో గొడవపడతారు. నాకు ఈ వాదన ఎంత ఆలోచించినా రుచించదు. ఆ లాంచీ ఇక్కడి కుటుంబాలకు బస్సు వంటిది: పిల్లలు చదువుకు, రోగులు ఆసుపత్రికి, రైతులు ఉల్లిపాయల మూటలతో సంతకు వెళ్లేది దానిలోనే. పెట్రోలు ఖర్చు అందరికీ సమానంగా పంచితే మోయలేనిది వాళ్లే, మేము కాదు. మన గోల్కొండలో విదేశీయుల టికెట్టు ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని అన్యాయమని మనం ఎప్పుడూ అనుకోలేదు. కాపురస్థులమని చెప్పుకోవడానికి ఇక్కడ బోలెడు సందర్భాలున్నాయి. తక్కువ చెల్లించవలసి వచ్చినప్పుడు మాత్రమే ఆ మాట గుర్తుకు రావడం సరికాదు.

అసలు బాకీ నీటి దగ్గర ఉంది. 2009 అక్టోబరు, నవంబరు నెలల్లో లింగ్బియా అనే సయనోబాక్టీరియా (నీటి మీద నాచులా పెరిగే సూక్ష్మజీవి) సరస్సు మీద తెట్టెలుగా పేరుకుని, ఉపరితలంలో మూడోవంతుకు పైగా కమ్మేసింది. ఉపగ్రహ చిత్రాల్లో కూడా ఆ చారలు స్పష్టంగా కనిపించాయి. కారణం ఒక్క రోజులో పుట్టినది కాదు: చుట్టూ ఉన్న ఊళ్ల మురుగు, కొండవాలుల్లోని రసాయన ఎరువులు, అడవి కొట్టేసిన చోట వానకు కోసుకొచ్చే మట్టి అన్నీ కలిసి ఏళ్ల తరబడి నీటిలో దానికి మేతయ్యే భాస్వరాన్ని పెంచుతూ వచ్చాయి. 2005లో స్టాన్ తుఫాను, 2010లో అగాథా తుఫాను ఆ బరువును మరింత పెంచాయి. స్టాన్ సమయంలో సాంతియాగో అతిత్లాన్ ఊరి దగ్గరి పనబాహ్ పల్లె మీద కొండ బురద విరుచుకుపడి వందలమందిని పూడ్చేసింది. నీటి గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడివాళ్ల గొంతు ఎందుకు మారుతుందో తెలుసుకోవాలంటే ఆ రోజును కూడా తెలుసుకోవాలి. మురుగు నీటిని శుద్ధి చేయాలని 2006లోనే 236-2006 అనే నియమావళి వచ్చింది. శుద్ధి కేంద్రాలు కట్టడానికి పురపాలికలకు ఇచ్చిన గడువు మాత్రం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. ఈ మధ్యలో సరస్సు నీటినే పంపులతో తోడి ఇళ్లకు పంపే ఊళ్లు ఉన్నాయి, ఒడ్డున రాళ్ల మీద బట్టలు ఉతికే తల్లులు ఉన్నారు, ఆ నీటిలో ఈదే పిల్లలు ఉన్నారు. నాలాంటివారు ఇరవై లీటర్ల శుద్ధ నీటి క్యాను భుజానికెత్తి తెచ్చే కుర్రాడికి డబ్బులిచ్చి, తలుపు వేసుకోగలరు. సరస్సు పాడైతే మొదట దెబ్బతినేది క్యాను కొనలేని ఇల్లు.

అయినా విదేశీయుల ఇళ్లను చూడండి. ఒక్కొక్కరు రోజూ రెండుసార్లు వేడినీటి స్నానం చేస్తారు, బట్టల యంత్రాలు నడుపుతారు, తోటలకు నీళ్లు పెడతారు, అద్దెకిచ్చే గదులకు గదికొక మరుగుదొడ్డి కట్టిస్తారు. మా వీధి ఎగువన ఉన్న పాత ఇళ్లలో ఎనిమిదిమంది వాడే నీటికన్నా మాలో ఇద్దరు వాడేదే ఎక్కువ. ఈ మురుగంతా వెళ్లేది సెప్టిక్ ట్యాంకులోకని చెబుతారు. నేను ఇల్లు వెతికేటప్పుడు ఆ మూత ఎత్తి చూపించమని అడిగేవాణ్ణి. ఒకచోట అడుగు లేని గుంట కనిపించింది. నీటి అంచుకు పట్టుమని ఇరవై అడుగులు కూడా లేదు. పైన డాబా మీద ఊయల మంచాలు, పూలకుండీలు, అగ్నిపర్వతం కనిపించే కిటికీలు. అద్దె డాలర్లలో. ఆ గుంటలో పడింది వానాకాలంలో నేల కిందుగా నేరుగా సరస్సులోకే దిగుతుంది. ఇల్లు కట్టించినవాడు విదేశీయుడు, ఉండేవారు విదేశీయులు. ఆ పరిసరాల్లో నీళ్లు ముంచుకునేవారు మాత్రం ఈ ఊరివాళ్లు.

ఒడ్డు నేల సంగతీ అంతే ముఖ్యం. గ్వాటెమాలా రాజ్యాంగంలోని 122వ అధికరణం సరస్సుల ఒడ్డున 200 మీటర్ల మేర భూమిని ప్రభుత్వానికి కేటాయిస్తుంది. పట్టణ ప్రాంతాలకు, 1956 మార్చి 1కి ముందే నమోదైన ఆస్తులకు మినహాయింపులున్నాయి. ఆ మినహాయింపుల సందుల్లోంచి, అనుభవ హక్కు కాగితాల మీదుగా ఒడ్డు చేతులు మారుతూ వచ్చింది. ఊరి వృద్ధులు నీటి అంచున ఇల్లు కట్టుకోరు. సరస్సు ఎక్కుతుంది, దిగుతుంది, తన చోటును మళ్లీ తీసుకుంటుంది అంటారు. 1976 ఫిబ్రవరి భూకంపం తర్వాత నీటిమట్టం తగ్గి ఒడ్డున కొత్త నేల బయటపడింది. 2010 తర్వాత నీరు ఎక్కినప్పుడు ఆ అంచున కట్టిన ఇళ్లు, హోటళ్లు, కాఫీ తోటలు మునిగాయి. కిటికీలోంచి నీళ్లు కనపడాలని కొన్నవారికి నష్టం వచ్చిన మాట నిజమే. కానీ కంచెలు లేచినప్పుడు రేవు దారులు, ఉతుకు రాళ్లు, చాపలల్లే తూల్ గడ్డి కోసుకునే చోట్లు పోగొట్టుకున్నది మరొకరు.

బయటివాళ్ల సరదాకు సరస్సు మూల్యం చెల్లించడం ఇదే మొదలు కాదు. 1958లో, చేపల వేటకు వచ్చే పర్యాటకులను ఆకర్షించాలని అమెరికా నుంచి బ్లాక్ బాస్ అనే చేపను తెచ్చి ఇందులో వదిలారు. అది చిన్న చేపలను, పీతలను తినేసింది. ఊరివాళ్ల రోజువారీ వేట పడిపోయింది. ప్రపంచంలో మరెక్కడా లేని, పోక్ అనే ఎగరలేని నీటిపక్షి ఇక్కడ ఉండేది. ఆన్ లాబాస్టిల్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త దాన్ని కాపాడడానికి ఏళ్ల తరబడి శ్రమించి, సంఖ్య కొంత కోలుకునేలా చేయగలిగింది. తర్వాత నీరు తగ్గి గడ్డి పొదలు పోవడం, ఒడ్డు వెంట కట్టడాలు పెరగడం కూడా తోడై 1980ల చివరికి ఆ పక్షి పూర్తిగా అంతరించింది. చేపను వదిలినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఆ పని జరగకముందు ఇక్కడి జాలరిని ఎవరు అడిగారు?

నా వాదనకు వచ్చే జవాబు నాకు తెలుసు: మేము రాకపోతే ఈ ఊళ్లో పని ఎక్కడిది? ఇందులో నిజం ఉంది, దాన్ని పక్కకు నెట్టను. సాన్ పెద్రోలో ఒక ఉపాధ్యాయుడు, ఒక విద్యార్థి ఎదురెదురుగా కూర్చునే స్పానిష్ బడులు పదుల కుటుంబాలను పోషిస్తున్నాయి. మాతృభాష త్సుతుహీల్ అయిన మనిషి దగ్గర నేను స్పానిష్ నేర్చుకున్నాను, ఆయన ఓపికకు ఎప్పటికీ రుణపడి ఉంటాను. వంటలు, తోటపని, తాపీపని, పడవలు అన్నింటిలోకీ మా డబ్బు వస్తోంది. అయితే ఈ దేశాన్ని నిలబెడుతున్నది మా డబ్బు కాదు. అమెరికాలో కప్పులు వేస్తూ, గిన్నెలు తోముతూ, గడ్డి కోస్తూ గ్వాటెమాలా వలసకూలీలు ఇంటికి పంపే సొమ్ము 2023లో దాదాపు 1,980 కోట్ల డాలర్లు. దేశ ఆదాయంలో దగ్గరదగ్గర ఐదోవంతు. మాది రాజంపేట వైపు. మా ప్రాంతంలో కువైట్ డబ్బుతో లేచిన మేడలు, ఆ మేడల్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్లు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అందుకే ఇక్కడ ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని సగం కట్టిన రెండో అంతస్తును చూడగానే ఆ ఇంటి మనిషి ఎక్కడున్నాడో అడగకుండానే అర్థమవుతుంది. అతడు అప్పు చేసి, ఎడారి దాటి, పట్టుబడతానేమోనన్న భయంతో అవతల బతుకుతున్నాడు. నేను విమానం దిగి, ముద్ర వేయించుకుని, అతని ఊళ్లో లాప్‌టాప్ తెరిచాను. అతను పంపే డబ్బుతో చెల్లెలు స్థలం కొనాలనుకుంటే, ధర ఇప్పుడు మాలాంటివాళ్లు ఇవ్వగలిగినంతకు చేరింది. పని కల్పించాం కదా అన్న మాట ఈ ధర గురించి ఏమీ చెప్పదు.

అవతలి ఒడ్డున ఉన్న సాన్ మార్కోస్ ఊరి గురించి ఎక్కువ చెప్పను. అక్కడ ధ్యానాలు, చక్రాలు, కాకావో (కోకో గింజల పానీయం) తాగే క్రతువులు నిండా ఉన్నాయి; నేను భారతీయుణ్ణని తెలియగానే గౌరవం పెరుగుతుంది. మన యోగం పేరు చెప్పుకుని వచ్చే ఆ గౌరవాన్ని వాడుకోకూడదన్నది నా నియమం. ప్రశాంతత కోసం వచ్చామని చెప్పేవారు, ఆ ప్రశాంతతకు ముందు ఇక్కడేం జరిగిందో తెలుసుకోవాలి.

ఎందుకంటే ఈ ఊళ్లకు తమ సంగతి తాము తేల్చుకోవడం తెలుసు. 1960 నుంచి 1996 వరకు సాగిన అంతర్యుద్ధంలో మాయా ప్రజలు భరించినది మాటల్లో చెప్పలేనిది. సాంతియాగో అతిత్లాన్‌లో 1990 డిసెంబరు 2 తెల్లవారుజామున, సైనిక శిబిరం ముందుకు నిరాయుధంగా వచ్చిన జనం మీద సైనికులు కాల్పులు జరిపి 13 మందిని చంపారు, వారిలో పిల్లలున్నారు. ఆ తర్వాత ఊరు ఊరంతా సంతకాలు, వేలిముద్రలు పోగుచేసి, కొద్ది వారాల్లోనే ఆ శిబిరాన్ని ఎత్తేయించింది. 2016లో మా సాన్ పెద్రో ప్లాస్టిక్ సంచులను, స్ట్రాలను, థర్మాకోల్ పాత్రలను నిషేధించింది. ఇప్పుడు సంతలో చేపలను ఆకుల్లో చుట్టి ఇస్తారు, మాంసానికి ఇంటి నుంచి గిన్నె తీసుకెళతాం. ఎవరో విదేశీ నిపుణుడు వచ్చి నేర్పిన పని కాదిది.

సరస్సు చుట్టూ మురుగు గొట్టాలు వేసి, ఆ నీటినంతా పరీవాహకం బయటికి, దక్షిణ తీరం వైపు మళ్లించాలన్న మెగాకొలెక్టోర్ ప్రతిపాదన విషయంలోనూ నేను ఇదే కోణంలో ఆలోచిస్తాను. విదేశీయుల్లో చాలామంది దాన్ని సమర్థించారు. సరస్సు బాగుపడుతుందంటే ఎవరు కాదంటారు? కానీ అనేక మాయా సమాజాలు దాన్ని వ్యతిరేకించాయి: మమ్మల్ని అడగలేదు, నీరు మా చేతుల్లోంచి పోతుంది అన్నాయి. ఆదివాసీలను ముందుగా సంప్రదించాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడికను గ్వాటెమాలా 1996లో ఆమోదించింది. ఇంజనీరింగు పరంగా ఏ పద్ధతి మేలో నిపుణులు తేల్చవచ్చు. కానీ ఊరు ఒప్పుకోని పథకం తరఫున మేము నిలబడకూడదు. కాపురస్థుల బాధ్యతలు మోయమని అంటున్నానే గానీ, పెత్తనం చేయమని అనడం లేదు. డబ్బున్న కొత్తవాడు ఈ రెంటినీ తేలిగ్గా కలిపేస్తాడు.

ఇక్కడికి వస్తామనే తెలుగువారికి నేను చెప్పేది ఇది. రండి. స్పానిష్ నేర్చుకోండి, ఒడ్డును బట్టి త్సుతుహీల్‌లోనో కక్చికెల్‌లోనో పలకరింపు నేర్చుకోండి. ఇల్లు చూసేటప్పుడు డాబా ఎక్కకముందే సెప్టిక్ ట్యాంకు మూత ఎత్తించండి. దానికి అడుగు ఉందా, ఎప్పుడు తోడించారు, తోడిన బండి ఎక్కడ పారబోసింది అని అడగండి. ఒడ్డున కంచె వేసిన ఇల్లైతే అద్దెకు తీసుకోకండి. దీర్ఘకాలం ఉండేవారు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోండి. మా ఇంటి యజమానురాలితో నేను చేసుకున్న ఒప్పందంలో అద్దెతో పాటు ఒక నెల సొమ్ము ప్రతి ఏటా ట్యాంకు తోడించడానికి, మరమ్మతులకు విడిగా పెట్టాలని రాసుకున్నాం. ఆ సొమ్ము నాది, పని ఎవరితో చేయించాలో నిర్ణయం ఆమెది. మొదటి ఏడాది ఆమె పాత గుంటను పూడ్పించి, మూడు గదుల ట్యాంకు కట్టించింది. ఇప్పుడు పక్కింటివాళ్లు కూడా ఆ తాపీమేస్త్రీనే పిలిపించుకుని కొలతలు తీయించుకుంటున్నారు. వానలు మే నెలలో మొదలవుతాయి కనుక, ఆలోగా తవ్వకం పూర్తి కావాలన్నది వాళ్ల తొందర.